సమాధానపరచువారి పని



కొండమీది ప్రసంగములో మన ప్రభువు ధన్యులని పిలిచినవారిలో సమాధానపరచువారును ఉన్నారు (మత్తయి 5:9). ఈ భాగంమీద మన సంఘాలలో ఎన్నో ప్రసంగాలు విన్నాము. అయితే ఒక్క సంగతి గమనించాలి. గొడవకు దూరంగా తొలగిపోయేవారికి ప్రభువు ఆ ఆశీర్వాదం పలుకలేదు. వీధిలో కర్రలు లేచిన రాత్రి తలుపు గడియ వేసుకొని కూర్చున్నవాడు నెమ్మదిపరుడే కావచ్చు గాని సమాధానపరచువాడు కాడు. గోడ కట్టడం ఒక పని అయినట్లే గోడ పడగొట్టడం కూడా ఒక పని. దానికి మనుష్యులు కావాలి, నేర్పు కావాలి, కాలం కావాలి. కొన్నిసార్లు దెబ్బలు కూడా ఓర్చుకోవాలి.

ఈ పనిని నేర్చుకొనే నిమిత్తం గత వేసవిలో మా ప్రాంతపు సంఘకాపరులము, పెద్దలము, స్త్రీల సమాజపు సహోదరీలు, యౌవనస్థులు, అందరం కలిసి సుమారు అరవైమందిమి రెండు దినములు కూడుకొన్నాము. ఉజ్జీవ కూడికలు, సువార్త మహాసభలు, సండేస్కూలు శిక్షణ తరగతులు మాకు అలవాటే. విరోధంలో ఉన్నవారిని కలపడం ఎలాగో నేర్చుకోవడానికి కూడుకోవడం మాత్రం అదే మొదటిసారి. అక్కడ విన్నవి, ఆ తరువాత చూచినవి మీతో పంచుకోవాలని ఈ మాటలు వ్రాస్తున్నాము.

ఎందుకు కూడుకొన్నాము?

మా పరిచర్యలో ఉన్న ఒక ఊరిలో రెండు ప్రార్థన మందిరాలు ఉన్నాయి. ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో. కేక వేస్తే వినబడేంత దూరం. రెండు చోట్లా ఒకే బైబిలు, ఒకే కీర్తనల పుస్తకం, ఒకే ప్రభువు బల్ల. అయినా ఒకరి ఇంట శుభకార్యం అయితే మరొకరు పంక్తిలో కూర్చోరు.

కొన్ని సంవత్సరాల క్రితం క్రిస్మస్ ముందు రాత్రి పాటలు పాడుకొంటూ నడివీధిలోనికి వెళ్లిన ఒక పల్లె పిల్లలను ఊరిలోని పెద్దకులాల యువకులు కొందరు అడ్డగించి కొట్టారు. ఒక అబ్బాయికి ఒక కన్ను పోయింది. కేసు నమోదయింది. ఆ రాత్రి జరిగినదానిని కన్నులారా చూచినవారు రెండవ పల్లెలో ఉన్నారు. కాని వారు కౌలుకు చేసే భూమి, కూలికి వెళ్లే పొలం ఆ పెద్దలవే. సాక్ష్యం చెప్పడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఆ దినమునుండి ఒక గాయం రెండు గాయాలైనవి. ఊరికీ పల్లెకూ మధ్య ఒకటి, పల్లెకూ పల్లెకూ మధ్య ఒకటి. రెండవదే ఎక్కువ నొప్పి అని ఆ అబ్బాయి తల్లి మాతో చెప్పింది. "కొట్టినోళ్లు పరాయోళ్లు అయ్యగారూ. చూసి ఊరుకున్నోళ్లు మనోళ్లు" అన్నది.

ఇలాంటి ఊరు ఇది ఒక్కటే కాదని మన చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే కూడుకొన్నాము.

వోఖాలో జరిగిన మహాసభ

మొదటి దినం ఒక వేదాంత కళాశాల అధ్యాపకులు మాకు నాగాలాండు సంఘచరిత్ర చెప్పారు. తెలుగు సంఘాలలో ఇది ఎరిగినవారు తక్కువ గనుక క్లుప్తంగా వ్రాస్తున్నాము.

అమెరికన్ బాప్తిస్టు మిషనరీ ఇ. డబ్ల్యు. క్లార్కు గారు 1872లో అస్సాము మైదానమునుండి నాగా కొండలెక్కి సువార్త చెప్పారు. 2011 జనాభా లెక్కలనాటికి నాగాలాండు ప్రజలలో నూటికి దాదాపు 88 మంది క్రైస్తవులు. వారిలో ఎక్కువమంది బాప్తిస్టులే. స్వాతంత్ర్యం వచ్చిన దినాలలో నాగాలకు వేరే దేశం కావాలని ఎ. జెడ్. ఫిజో నాయకత్వాన నాగా నేషనల్ కౌన్సిల్ ఉద్యమించింది. 1950ల మధ్యకాలానికి అది భారత సైన్యానికీ సాయుధులైన నాగాలకూ పోరుగా మారింది. గ్రామాలు కాలినవి. సైనిక బలగాలకు ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం 1958లో వచ్చింది. 1963 డిసెంబరు 1న నాగాలాండు రాష్ట్రం ఏర్పడింది గాని తుపాకులు ఆగలేదు. రాష్ట్రాన్ని అంగీకరించిన నాగాలు ఒకవైపు, అంగీకరించని నాగాలు అడవిలో. ఇరువురూ ఆదివారం తెరిచేది అదే బైబిలు.

అట్టి సమయంలో, 1964 జనవరి 31 నుండి ఫిబ్రవరి 2 వరకు వోఖా అనే పట్టణంలో నాగా బాప్తిస్టు సంఘాల మహాసభ జరిగింది. ఆ సభ కేవలం ప్రార్థన తీర్మానం చేసి ముగించుకోలేదు. ప్రభుత్వానికీ అడవిలో ఉన్నవారికీ మధ్య నడవడానికి ఒక శాంతి బృందం రావాలని కోరింది. చివరకు ఆ పనికి పూనుకొన్నవారు ముగ్గురు. సర్వోదయ నాయకుడు జయప్రకాశ్ నారాయణ్, అస్సాము ముఖ్యమంత్రి బిమల ప్రసాద్ చాలిహా, ఆంగ్లికన్ పాదిరి మైకేల్ స్కాట్.

ఈ ముగ్గురిలో ఇద్దరు క్రైస్తవులు కారు. మధ్యవర్తులు మా సంఘంవారే కావాలని, ఆ ఘనత మా సంఘానికే రావాలని ఆ బాప్తిస్టులు పట్టుపట్టలేదు. స్కాట్ ఫిజోను ఎరిగినవాడు. చాలిహా ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్నవాడు. జయప్రకాశ్ పార్టీ రాజకీయాలను విడిచి గ్రామసేవకు తిరిగినవాడు. ఒక్కొక్కరిని ఒక్కొక్క పక్షం నమ్మగలదు. మనకు ఇష్టుడెవరని గాక, ఎదుటివాడు నమ్మేది ఎవరినని అడిగితేనే మధ్యవర్తి దొరుకుతాడని మేము నేర్చుకొన్నాము.

1964 సెప్టెంబరు 6న కాల్పుల విరమణ అమలులోనికి వచ్చింది. కోహిమా దగ్గర చెదెమా అనే చోట ఇరుపక్షాలూ కూర్చుండి మాట్లాడుకొన్నాయి. తమిళ దేశమునుండి వెళ్లిన గాంధేయవాది ఎం. అరాం గారు కోహిమాలో సంవత్సరాలతరబడి ఉండి శాంతి కేంద్రాన్ని నడిపారు. ఒక సంఘం కోరిన కోరిక వలన తుపాకి మోత తగ్గి జనం ఊపిరి పీల్చుకొన్నారు. ఇది చిన్న సంగతి కాదు.

కాని కథ అంతటితో ముగియలేదు. శాంతి బృందం 1966లోనే చెదిరిపోయింది. ప్రధానమంత్రి ఇందిరా గాంధీతో 1966, 1967లలో జరిగిన చర్చలు ఒడంబడికకు రాలేదు. 1972లో విరమణ ముగిసింది. 1975లో షిల్లాంగు ఒప్పందం జరిగితే దానిని కాదన్నవారు 1980లో వేరే దళం కట్టారు. అది 1988లో మళ్లీ రెండయింది. అప్పటినుండి నాగాను నాగాయే చంపిన దినాలు వచ్చినవి. 1990లలో మణిపూర్ కొండలలో నాగాలు, కూకీలు ఒకరినొకరు చంపుకొన్నారు. ఆ ఇరువురూ క్రైస్తవులే. తుపాకి ఆగడం వేరు, గాయం మానడం వేరు.

2008లో రెవరెండ్ వాతి ఐయర్ గారు మొదలైనవారు నాగాల సమాధానం కొరకు ఒక వేదిక ఏర్పరచి, పరస్పరం చంపుకొంటున్న దళాల నాయకులను ఒకచోట కూర్చుండబెట్టే పనికి పూనుకొన్నారు. స్వదేశంలో కలవడానికి జంకేవారిని థాయ్‌లాండులోని చియాంగ్ మాయికి తీసుకొనిపోయి ప్రార్థించి మాట్లాడించారు. కోహిమాలో ఫుట్‌బాల్ ఆట కూడా ఆడించారు. 2009 జూన్ 13న మూడు పక్షాల నాయకులు సమాధాన నిబంధనమీద సంతకాలు చేశారు. రాజకీయ సమస్య పూర్తిగా తీరలేదు గాని అన్నదమ్ములు చంపుకోవడం చాలవరకు తగ్గింది. వోఖా సభ మొదలుకొని ఈ సంతకాలవరకు 45 సంవత్సరాలు. రెండు నెలల్లో ఊరు కలవలేదని విసుగుకొనే పెద్దలము ఈ లెక్క జ్ఞాపకముంచుకోవాలి.

చెయ్యి లేవకుండ నేర్చుకోవడం

సాయంకాలం యౌవనస్థుల తరగతి. అక్కడ జేమ్స్ లాసన్ గారిని గురించి విన్నాము. ఈయన అమెరికాలో మెథడిస్టు సేవకుడు, నల్లజాతివాడు. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనని చెప్పి చెరసాలకు వెళ్లాడు. తరువాత 1953 నుండి 1956 వరకు మన దేశంలోనే నాగపూరులోని హిస్లాప్ కళాశాలలో పనిచేసి, గాంధీగారి అహింసా పద్ధతిని శ్రద్ధగా నేర్చుకొన్నాడు. తిరిగి వెళ్లి నాష్‌విల్ పట్టణంలో విద్యార్థులకు తర్ఫీదు ఇచ్చాడు. అక్కడ దుకాణాలలోని భోజనపు బల్లల దగ్గర నల్లవారిని కూర్చుండనిచ్చేవారు కారు. లాసన్ విద్యార్థులను రెండుగా విభజించి, ఒకరిచేత మరొకరిని తిట్టించి, నెట్టించి, తిరిగి కొట్టకుండ ఉండే సాధన చేయించాడు. 1960 ఫిబ్రవరిలో ఆ విద్యార్థులు వెళ్లి ఆ బల్లల దగ్గర కూర్చున్నారు. దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్లారు, మళ్లీ వచ్చి కూర్చున్నారు. మే నెలలో ఆ బల్లలు నల్లవారికి తెరువబడసాగాయి.

మేమూ ఆ సాధన చేసి చూచాము. ఒక పాస్టరుగారు త్రాగుబోతుగా నటించి మా యౌవనస్థుల ముందు నిలిచి కులం పేరుతో తిట్టసాగారు. మొదట అందరూ నవ్వారు. మూడవ తిట్టుకు ఒక పిల్లవాడు లేచి పాస్టరుగారి చొక్కా పట్టుకొన్నాడు. నవ్వు ఆగిపోయింది. వాడు సిగ్గుతో చెయ్యి వదిలి, "ఆట అని తెలిసినా చెయ్యి లేచింది. నిజంగా అయితే ఏం చేసేవాణ్ణో!" అన్నాడు. రెండవ చెంప చూపమన్న ఉపదేశం (మత్తయి 5:39) పిరికితనమని కొందరంటారు. పిరికివాడు పారిపోతాడు, కోపిష్ఠి కొడతాడు. పారిపోకుండ, కొట్టకుండ, ఎదుటివాని ముఖం చూస్తూ నిలువబడటం ఈ రెంటికంటె కష్టం. కీర్తనకు రాగం నేర్చుకొన్నట్లు దీనికీ సాధన కావాలి.

తల్లి అడిగిన ప్రశ్న

రెండవ దినం మధ్యాహ్నం, కన్ను పోయిన అబ్బాయి తల్లి లేచి నిలువబడింది. అంతవరకు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

"ఊరి పెద్దలు మనుషుల్ని పంపిస్తన్నారు. కేసు వాపసు తీసుకుంటే డబ్బులిస్తాం, అందరం సమాధానంగా ఉందాం అంటన్నారు. రెండ్రోజుల్నించి మీరూ సమాధానం, సమాధానం అంటన్నారు. మీరు చెప్పేదీ వాళ్లు చెప్పేదీ ఒకటేనా అయ్యగారూ?"

ఆ హాలులో కొంతసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ప్రియులారా, ఆ కూడిక అంతటికీ పరీక్ష ఆ ప్రశ్నే. దానికి జవాబు చెప్పలేకపోతే రెండు దినాల పాఠాలు గాలికి పోయినట్లే.

మాలో విశ్వాసియైన ఒక ప్లీడరుగారు ముందు చట్టం సంగతి చెప్పారు. షెడ్యూలు కులాల, తెగలవారిపై అత్యాచారాలను నిరోధించడానికి 1989లో చేసిన చట్టం క్రింది నేరాలు ఇరుపక్షాలు మాట్లాడుకొని రాజీ చేసుకొనే నేరాలు కావని, నడిమి పెద్దలు అలా చెప్పడం మోసమని వివరించారు. తరువాత ఒక వృద్ధ ఉపదేశిగారు బైబిలు తెరచి ఆదికాండము 32, 33 అధ్యాయాలు చూపించారు. యాకోబు ఏశావులు కౌగిలించుకొని ఏడ్చినమాట మనకందరికీ తెలుసు. కాని ఆ కౌగిలికి ముందు ఏమి జరిగింది? తప్పు చేసినవాడు తానే బయలుదేరాడు. మందలను ముందుగా పంపాడు. కుంటుతూ వచ్చి ఏడుమారులు నేల మట్టుకు వంగాడు. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన దినాన అతడు అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19). గాయాన్ని పైపైన తుడిచి అంతా క్షేమమేనని పలికినవారిని యిర్మీయా ప్రవక్త గద్దించాడు (యిర్మీయా 6:14). "అమ్మా, వాళ్లు అడిగేది సమాధానం కాదు, నీ నోరు మూయడం. మేము చెప్పేది అది కాదు" అని ఉపదేశిగారు ఆమెతో అన్నారు.

మన ఆంధ్ర దేశంలో జరిగినవి జ్ఞాపకం చేసుకొన్నాము. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు చంపబడ్డారు. మిగిలినవారు ఊరు విడిచి చీరాలకు చేరారు. నిందితులలో ముఖ్యుని 1989లో నక్సలైట్లు చంపారు. ఆ హత్య చచ్చినవారిని బ్రతికించలేదు, ఊరిని కలపలేదు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో గాని రాలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది చంపబడ్డారు. బాధితులు పట్టుపట్టి ప్రత్యేక న్యాయస్థానాన్ని తమ ఊరికే రప్పించుకొన్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులను విడిచిపెట్టింది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇన్ని ఏండ్లు న్యాయస్థానాల మెట్లు ఎక్కడం కూడా అహింసయే. కత్తి పట్టక, నోరు మూసుకోక, సత్యాన్ని పదేపదే చెప్పడం అది. న్యాయం అడిగేవారిని సమాధానానికి అడ్డు అని అనే హక్కు ఏ సంఘకాపరికీ లేదు.

కాబట్టి ఆ సాయంకాలం మేము ఏకమనస్సుతో రెండు సంగతులు నిర్ణయించుకొన్నాము. ఆ తల్లిని కేసు విడువమని ఎవరమూ అడుగము. క్షమించమని ఆమెకు గడువూ పెట్టము. క్షమాపణ ఆమె ఇచ్చే కానుక, మనము వసూలు చేసే చందా కాదు. మొదటి పని రెండవ పల్లెతో ప్రారంభం కావాలి.

ఏడాదిగా జరిగినది

ఇందుకు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మాకు దారి చూపింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరిగిందని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు వారిని గద్దించలేదు. నమ్మదగిన ఏడుగురికి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నొప్పి తెలిసినవారి చేతికే గరిటె ఇచ్చారన్నమాట.

మేమూ రెండు పల్లెలనుండి ముగ్గురేసి స్త్రీలను ఏర్పరచుకొన్నాము. పురుషులైతే మొదటి దినమే పాత లెక్కలు తీస్తారని స్త్రీలే చెప్పారు. మొదటి మూడు నెలలు రెండు పల్లెలవారిని ఒకచోట కూర్చుండబెట్టలేదు. ఈ ఆరుగురు ఇల్లిల్లు తిరిగి విన్నారు. అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చెప్పకూడదని నియమం పెట్టుకొన్నారు. తరువాత ఒకరి ఇంటిలో ఒకరు భోజనం చేశారు. సభలో పక్కపక్కన కూర్చోవడం సులభమే గాని ఇంటిలో వండినది ఇంటిలో కూర్చొని తినడం మన ఊళ్లలో నిజమైన తీర్మానం.

ఒకనాడు రెండవ పల్లెలో తలనెరిసిన ఒక సహోదరుడు తాను ఆ రాత్రి చూచినదంతా చెప్పడానికి ఒప్పుకొన్నాడు. పోలీసులకు చెప్పాడు, కోర్టులోను చెపుతానన్నాడు. ఆ సంవత్సరమే అతని కౌలు పోయింది. అలా జరుగుతుందని అతనికి ముందే తెలుసు. మొదటి పల్లెవారు ఈ సంగతి విని, తాము చేసే కౌలులో ఒక ఎకరం అతనికి విడిచిపెట్టారు. కన్ను పోయిన అబ్బాయి తల్లి తానే వెళ్లి ఆ ఇంట కూర్చొని వచ్చింది. ఏమి మాట్లాడుకొన్నారో మేము అడుగలేదు. తరువాతి నెల మొదటి ఆదివారం రెండు పల్లెలు ఒకే బల్లయొద్ద కూడుకొన్నాయి.

ఊరితో సమాధానం ఇంకా రాలేదు. కొట్టినవారిలో ఒకని మేనమామ చీకటిపడిన తరువాత వచ్చి ఆసుపత్రి ఖర్చు ఇస్తానన్నాడట. ఆ తల్లి అతనికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "డబ్బు సంగతి తరవాత బాబూ. కొట్టిన వీధిలోనే, పగలు, నలుగురి ముందు తప్పని చెప్పించండి" అన్నదట. ఆ మాట వారింకా చెప్పలేదు. కేసు నడుస్తున్నది. ఆమె వేచియున్నది. మేమును ఆమెతోకూడ వేచియున్నాము.

ప్రియ చదువరీ, మీ సంఘంలోను, మీ ఊరిలోను ఇట్టి గోడ ఏదైనా ఉంటే దానిని గురించి ఈ నెలలో ఒక్కసారి పెద్దలతో మాట్లాడండి. ముందు వినడానికి వెళ్లండి, బోధించడానికి వెళ్లకండి. బలహీనులను లోబరచి గొడవ అణచినవారిని సమాధానకర్తలని మెచ్చుకోకండి. రెండు పక్షాలూ నమ్మగలవాడు అన్యమతస్థుడైనా సరే, అతని సహాయం అడగడానికి సిగ్గుపడకండి. మీ యౌవనస్థులకు తిరిగి కొట్టకుండ నిలువబడే ధైర్యం నేర్పండి, సత్యం చెప్పే ధైర్యమూ నేర్పండి. సాక్ష్యం చెప్పినవాని పొలం పోతే అతని గిన్నెలో అన్నం ఉన్నదో లేదో చూడండి.

రెండు జనములను ఏకముచేసి మధ్యగోడను పడగొట్టిన ప్రభువు (ఎఫెసీ 2:14) ఆ పనిని తన శరీరంతోనే చేశాడు. మణిపూర్‌లో 2023 మే నెలలో రేగిన మంటల వలన ఇల్లు విడిచి వెళ్లినవారి కొరకు, నాగాలాండు సంఘాల కొరకు, మన పల్లెల కొరకు, ఆ తల్లి కొరకు, ఆ మాట ఇంకా నోట రాని ఆ యువకుల కొరకు కూడ ప్రార్థించండి.

సమాధానకర్తయగు దేవుడు మీ అందరికి తోడై యుండును గాక. ఆమేన్.